బోణీ గాజు

మా ఆవిడ బేరమాడదు. ఈ సంగతి పెళ్ళయిన నెలలోపే, కూరల మార్కెట్లో, నలుగురి మధ్యా నాకు తెలిసింది. వంకాయలామె ఒక ధర చెప్పింది. మా ఆవిడ సంచీ చాపింది. అంతే. ఒక్క నిట్టూర్పు లేదు, రెండడుగులు ముందుకేసి మళ్ళీ వెనక్కి తిరగడం లేదు. మూడు తరాలుగా బేరం మీద బతికిన ఇంటివాణ్ణి, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అరటిపళ్ళ బండి వైపు చూస్తూ నిలబడ్డాను.

వంకాయలామెకీ ఇబ్బందిగానే ఉంది. తగ్గించడానికని పెంచి చెప్పిన ధర అది. దాన్ని ఉన్నదున్నట్టు ఒప్పేసుకుంటే ఆవిడకి పాపం చుట్టుకున్నట్టయింది.

"ఏటి బాబూ, ఈయమ్మది మనూరు కాదేటి?" అని నన్నడిగింది.

"మనూరే. ఫిజిక్స్ చదివింది," అన్నాను.

"ఓలమ్మా! ముందే సెప్పొద్దా," అని మరో నాలుగు వంకాయలు ఊరికే సంచీలో పడేసింది.

దారంతా ఆలోచించాను. నేను అరగంట నోరు నొప్పెట్టేలా ఆడినా ఆ నాలుగు వంకాయలు వచ్చేవి కావు. అయినా పైకి ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే దుకాణం మూసుకోవాలి.

మాది అనకాపల్లిలో గాజుల దుకాణం. తాత పెట్టాడు, మా అబ్బా నిలబెట్టాడు, నేను కూర్చున్నాను. చెయ్యి చూసి సైజు చెప్పడం మా విద్య. ఆడవాళ్ళు మెట్టెక్కుతుండగానే రెండు-నాలుగా, రెండు-ఆరా, రెండు-ఎనిమిదా అన్నది కంటికి తెలిసిపోతుంది. మిగతా విద్యంతా నోటిది. "అమ్మా, నాకు పడిన ధరే రాదమ్మా" అని రోజుకి ఎన్నిసార్లు అంటానో అల్లాకే తెలుసు. ఆయన దాన్ని అబద్ధం కింద రాసుకుంటున్నాడో, వ్యాపారం కింద వదిలేస్తున్నాడో మాత్రం నాకు తెలియదు.

మా ఆవిడ ఊళ్ళోనే ఒక కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. శనివారాలూ సెలవు రోజులూ పొద్దున్నే పాసింజరు ఎక్కి విశాఖపట్నం వెళ్ళి, అక్కడి యూనివర్సిటీ ల్యాబులో పీహెచ్‌డీ పని చేసుకుని సాయంత్రానికి తిరిగొస్తుంది. అలా ఐదేళ్ళు. పని ఏమిటంటే సోలార్ సెల్ చెయ్యడం. డాబాల మీద పెట్టే నల్ల పలకలు కావు. వేలిగోరు కన్నా కాస్త పెద్ద గాజుముక్క మీద క్వాంటం డాట్స్ అనే చుక్కల్ని పొరలు పొరలుగా పూసి, పైన సన్నటి బంగారు పూత వేసి, దీపం కింద పెట్టి ఎంత కరెంటొస్తుందో చూడడం.

మొదట్లో నాకేమీ బుర్రకెక్కలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం దుకాణంలో జనం లేనప్పుడు అడిగాను. ఆవిడ షోకేసులోంచి ఒక ఎర్రగాజు తీసింది.

"ఇది రెండు-నాలుగు. దీంట్లోనే రెండు-ఆరు ఏ రంగు?"

"అదీ ఎరుపే. ఒకే డిజైను కదా."

"అది మీ దుకాణంలో. మా దుకాణంలో సరుకొకటే, సైజు మారితే రంగు మారిపోద్ది. చిన్న చుక్క పచ్చగా ఉంటే, కొంచెం పెద్దది ఎర్రగా ఉంటాది. సైజుని బట్టే ఎండలో ఏ రంగుని మింగాలో తేల్చుకుంటాది."

"మరి డజనులో ఒకటి సైజు తప్పితే?"

"తప్పితే సెల్ పాడు. అన్నీ ఒకే సైజు రావాలి."

ఆ రోజు నుంచి నాకు ఆవిడంటే వృత్తిరీత్యా కూడా గౌరవం కలిగింది. కంటికి కనబడని చేతులకి కంటికి కనబడని గాజులు, సైజు తప్పకుండా చేస్తున్న మనిషి!

ఎండని మింగడం కష్టం కాదట. మింగింది బయటికి రప్పించడమే కష్టమట. ఒక్కో చుక్క ఒంటి మీదా కనిపించని గుంటలుంటాయి. పుట్టిన కరెంటు దారిలో ఆ గుంటల్లో పడి పోతుంది. నాకు తెలిసిన భాషలో అది తరుగు. గాజుల పెట్టె ఫ్యాక్టరీలో బయల్దేరినప్పుడు నిండుగానే ఉంటుంది. అనకాపల్లిలో విప్పేసరికి చిట్లకుండా ఎన్ని మిగిలాయన్నదే వ్యాపారం. నూరు పాళ్ళ ఎండ పడితే చేతికి ఎన్ని పాళ్ళు దక్కాయన్నదే ఆవిడ ఐదేళ్ళ బతుకు. దాన్ని ఎఫిషియెన్సీ అంటారు. ఆవిడది ఏడు దగ్గర ఆగిపోయింది. గైడుగారు తొమ్మిది అడిగారు.

"ఏడూ చిల్లరంటే ఎనిమిదే కదా," అన్నాను ఒకసారి, సాయం చేద్దామని. "ఎనిమిదంటే తొమ్మిదికి పక్కిల్లే."

"పక్కింట్లో పడుకుంటే మనింట్లో పడుకున్నట్టేనా?" అంది.



ఈ పని వల్ల ఇంకో చిక్కొచ్చింది. ఆ చుక్కలకి గాలి పడదని పని చాలావరకు ఒక పెద్ద అద్దాల పెట్టెలో చేస్తారు. లోపల గాలి ఉండదు, నైట్రోజన్ ఉంటుంది. పెట్టెకి లావుపాటి రబ్బరు తొడుగులు బిగించి ఉంటాయి, చేతులు వాటిలోకి దూర్చి పని చెయ్యాలి. గాజులుంటే తొడుగు చిరుగుతుంది. అందుకని మా ఆవిడ గాజులు తీసేసింది. గాజులవాడి పెళ్ళాం ఐదేళ్ళపాటు ఉత్త చేతులతో తిరిగింది. కొండకర్ల నుంచి వచ్చే ఒకావిడ నా మొహం మీదే అడిగేసింది: "గాజులోడి పెళ్ళానికి గాజుల్లేవేటి బాబూ? అమ్మీసేవేటి?"

మా అమ్మీకి అది గుచ్చుకుంది. పొద్దుటి పూట దుకాణంలో కూర్చునేది ఆవిడే. కోడల్ని పిలిచి, "బేటీ, ఆ పెట్టెకి ఇంకా పెద్ద తొడుగులు కుట్టించరాదా?" అని అడిగింది. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది.

అమ్మీకి ఉన్న పెద్ద పట్టింపు బోణీ. పొద్దున్న వచ్చిన మొదటి మనిషిని ఉత్త చేతులతో పంపకూడదు. నష్టమైనా సరే, ఒక జత గాజులైనా తొడిగి పంపాలి. ఆ మొదటి నోటుని కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో ఎడమవైపు అరలో వెయ్యాలి. ఆ రోజంతా దాన్ని చిల్లరకి ఇవ్వకూడదు. ఈ రహస్యం తెలిసిన ఆడవాళ్ళు మొదటి బస్సుకే దిగి, నేను తాళం తీసేసరికి మెట్ల మీద కూర్చుని ఉంటారు. బోణీ వేళ నేను పులిని కాను, పిల్లిని కూడా కాను. వాళ్ళు ఎంతంటే అంత.

మా ఆవిడ మొట్టమొదటి బ్యాచ్ చేసిన రోజు సాయంత్రం, నేనూ అమ్మీ వింటుండగా చెప్పింది. ప్రతి బ్యాచ్‌లో మొదటి ముక్క ట్రయలు ముక్క. చుక్కల్ని పరిచే యంత్రం ఎంత వేగంగా తిరగాలో దాని మీద సరిచూసుకుంటారు. పొర సరిగ్గా రాదు. ఒక్కసారి దీపం కింద పెట్టి, అంకె పుస్తకంలో రాసుకుని, ఆ చుక్కల్లో సీసం ఉంటుంది కాబట్టి సీసం చెత్త వేసే డబ్బాలో పడేస్తారు.

"మొదటిదాన్ని పడేసేవా?" అన్నాను.

"ట్రయలు ముక్కండీ అది."

"అది బోణీ!"

"తౌబా, తౌబా," అని అమ్మీ చెంపలేసుకుంది. "బోణీని చెత్తలో వేత్తే పని ముందుకెలా పోద్ది బేటీ?"

మా ఆవిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. వాదిస్తుందనుకున్నాను. వాదించలేదు. మరుసటి శనివారం ల్యాబులో అడిగి, ఆ ముక్కని మూతున్న చిన్న ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి తెచ్చింది. మూత మీద పెన్నుతో తేదీ, బ్యాచ్ నంబరు.

"లోపల సీసం ఉంది. మూత తియ్యకూడదు. కళ్ళకద్దుకోవాలంటే డబ్బీని అద్దుకోండి, ముక్కని కాదు," అంది.

బిస్మిల్లా అని కళ్ళకద్దుకుని ఎడమవైపు అరలో పెట్టాను. ఆ తర్వాత ప్రతి బ్యాచ్‌కీ అంతే. సాయంత్రం పాసింజరు దిగి తిన్నగా దుకాణానికి వచ్చి, "ఇదిగోండి మీ బోణీ" అని గల్లా మీద డబ్బీ పెట్టేది. నమ్మకం ఉండి కాదు. నాకుందని. పదేళ్ళ కాపురంలో ఆవిడ నన్ను ప్రేమిస్తున్నానని నోటితో చెప్పినట్టు నాకు గుర్తులేదు. డబ్బీలు మాత్రం పదకొండున్నాయి.

పన్నెండోది రావలసిన శనివారం ఆవిడ ఉత్త చేతులతో వచ్చింది. చలి తగ్గుతున్న రోజులు. ఊరంతా కొత్తబెల్లం వాసన. గిరాకీ బాగానే ఉంది. నేను ఇద్దరికి గాజులు తొడిగేదాకా పక్కన నిలబడి, వాళ్ళు మెట్లు దిగాక అంది:

"ఆ డబ్బీలన్నీ ఇచ్చేయండి."

"ఏటయింది?"

"గైడుగారు వేసవి సెలవుల దాకా చూత్తానన్నారు. అప్పటికి తొమ్మిది రాకపోతే ఈ టాపిక్ వదిలేసి, ఏదైనా తేలికది తీసుకోమన్నారు. నాకు రాదండీ. నైట్రోజన్‌లో ఎంత జాగ్రత్తగా దాచినా ఏడు ఏడే. వదిలేసేటప్పుడు సీసం సరుకంతా ల్యాబుకి అప్పజెప్పాలి. దుకాణంలో ఉంచడం తప్పు కూడా."

గొంతు మామూలుగానే ఉంది. క్లాసులో అటెండెన్స్ చదివినట్టు చెప్పింది. అదే నన్ను భయపెట్టింది. ఐదేళ్ళు పాసింజరులో నిలబడి వెళ్ళిన మనిషి, చెప్పిన ధరకి ఒప్పేసుకుని సంచీ చాపేసింది.

అర తెరిచాను. ఒక్కో డబ్బీ తీసి గల్లా మీద వరసగా పెట్టాను. ఆఖరిది పెడుతూ, పుట్టుకతో వచ్చిన బుద్ధి కదా, అన్నాను:

"పారేసే ముందు ఒక్కసారి దీపం కింద పెట్టి చూడు."

"దేనికి? ఇవి చెడిపోయిన ముక్కలు. పైగా ఇన్నాళ్ళూ గాలిలో ఉన్నాయి. చచ్చిపోయుంటాయి."

"బోణీని ఉత్త చేతులతో పంపకూడదు. పదకొండూ చూడు."

"ఒక్కటి కూడా చూడను. దీపానికి టైము దొరకదు."

"ఆరు."

"లేదు."

"మూడు చూడు. మా అమ్మీ మీద ఒట్టు, ఇంకడగను."

"ఒట్టులొద్దు," అంది. నవ్వొచ్చినట్టుంది, ఆపుకుంది. "ఒక్కటి చూత్తాను. అది కూడా మీ నోరు మూయించడానికి."

నేను పదకొండు అడిగింది ఆ ఒక్కటి కోసమే.

మరుసటి శనివారం సాయంత్రం పాసింజరు వచ్చే వేళకి నేను దుకాణం బయటే నిలబడ్డాను. ఆవిడ మామూలుగా నడిచి రాలేదు, ఇంచుమించు పరిగెత్తుకొచ్చింది. వచ్చి స్టూలు మీద కూర్చుని నీళ్ళు తాగింది.

"ఒక్కటి చూశాను," అంది. "ఎనిమిది దాటింది. దీపం పాడయిందనుకుని మంచి ముక్క ఒకటి పెట్టాను. ఏడే. మళ్ళీ మీది పెట్టాను. ఎనిమిది దాటింది. అప్పుడు పదకొండూ చూశాను."

"పదకొండూనా!" నా ఛాతీ పొంగింది. "బోణీ అంటే ఏటనుకున్నావు?"

"పొంగకండి. తొమ్మిది ముక్కలు లేచాయి. పుట్టినప్పుడు ఆరు, ఆరున్నర ఉన్నవన్నీ ఎనిమిది చుట్టూ ఉన్నాయి. రెండు మాత్రం చచ్చిపోయాయి. సున్నాకి దగ్గర."

"తొమ్మిది చాల్లే. ఆ రెండింటినీ వదిలీ."

"ఎలా వదుల్తాను?" అంది. "అన్నీ ఒకే అరలో ఉన్నాయి కదా. ఆ రెండూ ఎందుకు చచ్చాయో తెలీకపోతే ఈ తొమ్మిదీ ఎందుకు లేచాయో నేను చెప్పలేను. గైడుగారు మొదట అడిగేది అదే. చెప్పలేకపోతే ఇది గాలివాటం అంటారు. వేసవి సెలవులొచ్చేత్తే టాపిక్ పోయినట్టే."

నేను గాజుల కట్టలు సర్దడం మొదలుపెట్టాను. అప్పటికే సర్ది ఉన్న కట్టలు.

ఎందుకంటే ఆ రెండూ ఎందుకు చచ్చాయో నాకు తెలుసు.

అంతకు ముందు ఏడాది బెల్లం సీజనులో దేవరాపల్లి నుంచి ఒక చెరకు రైతూ ఆయన భార్యా వచ్చారు. బెల్లం అమ్మి, చేతిలో డబ్బాడుతున్న వేళ. భార్య గాజులు చూస్తుంటే ఆయన ఊరికే కూర్చోలేక, సోలార్ మోటారు పెట్టించమని ఒకడు తన చెవి కొరికేస్తున్నాడని చెప్పుకొచ్చాడు. సోలార్ మాట వినగానే నా నోరు ఊరుకుంటుందా? మా ఆవిడ చేసేది అదేనన్నాను. రెండు డబ్బీలు తీసి గల్లా మీద, ఎండ పడే చోట పెట్టాను.

"ఇంత ముక్కకి కరెంటొత్తాదా?" అని ఆయన డబ్బీ మీదికి వంగాడు. "ఏదీ, ఎక్కడా?"

"లోపల పుడతంది. కనపడదు."

"మా బావమరిది ఉజ్జోగంలాగ," అన్నాడాయన.

"నువ్వూరుకో! ఆ బాబుని బేరం సెయ్యనీ," అని భార్య కసిరింది.

అందరం నవ్వుకున్నాం. రెండు డజన్లు అమ్మాను. ఆ వెనకే జనం వచ్చారు. డబ్బీలు అక్కడే ఉండిపోయాయి. సాయంత్రం నమాజుకి లేస్తూ చూసుకుని, గబగబా అరలో పడేశాను. డబ్బీలు చెయ్యి కాలేంత వేడిగా ఉన్నాయి. అయ్యో అనిపించింది. కానీ చెత్తలో పోవలసిన ముక్కలే కదా అని సర్దిచెప్పుకున్నాను. సర్దిచెప్పుకోవడంలో నాకు సాటి లేదు.

ఇప్పుడు ఆవిడ ఎదురుగా కూర్చుని ఉంది.

"ఆ రెండింటికీ..." అన్నాను కట్టలోంచి తల ఎత్తకుండా, "కొంచెం ఎండ తగిలుండొచ్చు."

"ఎండా? గల్లాపెట్టెలోనా?"

"బయట పెట్టినట్టున్నాను. ఎవరికో చూపించడానికి."

"ఎంతసేపు?"

"ఓ పది నిమిషాలు."

ఆవిడ సంచీలోంచి నోటుపుస్తకం తీసి, పెన్ను మూత తీసి, రాయకుండా కూర్చుంది. చూస్తూ కూర్చుంది. బజారులో మౌనంగా నిలబడి ధర దించేసే ఆడవాళ్ళని నేను జీవితమంతా చూశాను. వాళ్ళలో ఎవరికీ ఇంత చేతకాదు.

"అరగంట ఉంటాది," అన్నాను.

"ఊఁ."

"గంట. గంటకి పైసా ఎక్కువ లేదు."

"ఏవండీ, నాకు బేరం రాదు," అంది నెమ్మదిగా. "ఒకే ధర చెప్పండి."

పెన్ను పట్టుకున్న ఆ చెయ్యి వైపు చూశాను. రబ్బరు తొడుగులో రోజంతా నాని, వేళ్ళ చివర్లు ముడతలు పడి ఉన్నాయి. గాజులు లేవు. నేను చూసీ చూసీ ఎరిగిన చెయ్యే, రెండు-నాలుగు. ఆ చేతికి నేను ఐదేళ్ళుగా ఒక్క గాజైనా తొడగలేకపోయాను. కనీసం నిజమైనా చెప్పాలి కదా.

"పొద్దున్న పదకొండుకి పెట్టాను. సాయంత్రం నమాజు దాకా తియ్యలేదు. నాలుగున్నర అయ్యుంటాది. ఎండ నేరుగా పడింది. డబ్బీలు చేతికి కాలాయి. నీకు చెప్పలేదు, తిడతావని."

నా నోటి నుంచి ధర ఒక్కసారే, ఉన్నదున్నట్టు రావడం అదే మొదటిసారి. దుకాణం కూలిపోలేదు. ఆవిడ తిట్టనూ లేదు. "ఐదున్నర గంటలు, నేరుగా ఎండ, వేడి" అని రాసుకుంది. రాశాక ఆ వాక్యం మీద పెన్ను ఆనించి కాసేపు ఉంచింది.

"అయితే చీకటి కావాలి," అంది తనలో తాను. "గాలీ కావాలి, చీకటీ కావాలి. రెండూ." తల ఎత్తి, "ఇది మీరు చెప్పకపోతే నాకెప్పటికీ తెలిసేది కాదు," అంది. ఆ మాటలో మెచ్చుకోలు ఎంతో తిట్టు ఎంతో నేను ఇప్పటికీ విడదీయలేకపోయాను.

తర్వాత మూడు రోజులు కాలేజీకి సెలవు పెట్టి దుకాణంలోనే కూర్చుంది. గల్లాపెట్టె ఎడమవైపు అరలో వేడినీ తేమనీ చూపించే చిన్న మీటరు పెట్టింది. గంటకోసారి అర తెరిచి, అంకె చూసి రాసుకునేది. బయట గాలి తేమగా ఉంటే అరలో గాలి పొడిగా, నులివెచ్చగా ఉంది. ఎందుకో అర్థం కాలేదు. రెండో రోజు వంగి గల్లా కింద చూసి నవ్వింది. అక్కడ షోకేసు బల్బులు. గాజులు తళతళ మెరవాలని పొద్దున్నుంచి రాత్రిదాకా నేను ఆర్పని బల్బులు. కరెంటు బిల్లు దండగని ఆవిడ ఎన్నోసార్లు అన్న ఆ బల్బులే అరని వెచ్చబెడుతున్నాయి.

"ఏటంటావు మరి?" అన్నాను.

"ఏమీ అనను. రాసుకుంటాను," అంది.

ఆ మూడు రోజులూ నా వ్యాపారం ఎలా సాగిందో చెప్పకపోతే కథ సగమే. నేను నమాజుకి వెళ్ళినప్పుడు గల్లా దగ్గర ఆవిడే. ఎవరైనా "అసలు మీకెంత పడిందమ్మా?" అని అడిగితే, పడిందెంతో చెప్పేసేది. మొదటి రోజు నాకు కళ్ళు తిరిగాయి. మూడో రోజు ఉప్మాక నుంచి వచ్చిన ఒకావిడ నన్ను పక్కకి తోసి, "నీకాడ కాదు బాబూ, ఆయమ్మకాడ కొంటాను" అంది. అమ్మీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

అరలో ఆ ముక్కలు ఎందుకు లేచాయో మా ఆవిడ నాకు నా భాషలోనే చెప్పింది. పై పొరలోని చుక్కలకి కొంచెం గాలి తగిలితే ఆ గుంటలు కొన్ని పూడుకుపోతాయి, పుట్టిన కరెంటు బయటికి పోవడానికి దారి తేలికవుతుంది. గాలి ఎక్కువైనా, ఎండతో కలిసినా చుక్కలే పాడైపోతాయి. మేం నైట్రోజన్‌లో పెట్టి మరీ అతిగా కాపాడేశాం, అంది. ఇంకా చదివితే, వేరే చోట్ల ఇలాంటిది ముందే చూసినవాళ్ళున్నారని తేలింది. నా ఛాతీ కొంచెం దిగింది. కానీ ఆవిడ పొరకి, ఆవిడ పూతకి ఎంత వెచ్చదనం, ఎంత పొడి, ఎన్నాళ్ళు అన్నది ఎవరూ చెప్పలేదు. అది ఆవిడే తేల్చుకోవాలి.

వేసవి సెలవులకి ముందు ఆఖరి బ్యాచ్ చేసింది. సగం ముక్కలు ఎప్పట్లా నైట్రోజన్‌లో. సగం ల్యాబులోనే ఒక చీకటి పెట్టెలో, మా గల్లాపెట్టె అర ఎలా ఉందో అచ్చంగా అంత వెచ్చగా, అంత పొడిగా, మామూలు గాలిలో. వాటిని దీపం కింద పెట్టే రోజు నేనూ పాసింజరెక్కాను. దుకాణం అమ్మీకి అప్పజెప్పాను. ల్యాబులోకి రానివ్వరు కాబట్టి వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. తలుపుకున్న అద్దంలోంచి ఆవిడ వీపూ, పక్కన గైడుగారి తెల్లజుట్టూ కనిపిస్తున్నాయి. నాకు వచ్చిన దువాలన్నీ చదివేశాను. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను.

మధ్యాహ్నానికి ఆవిడ బయటికొచ్చింది.

"నైట్రోజన్‌వి ఏడు," అంది. "గాలివి ఎనిమిది పాయింట్ తొమ్మిది."

"తొమ్మిదే కదా!"

"ఎనిమిది పాయింట్ తొమ్మిది."

"ఒక్క పిసరు! ఎవరు చూత్తారు?"

"నేను చూశాను కదండీ," అంది. కళ్ళలో నీళ్ళున్నాయి. గడువు అయిపోయింది, తొమ్మిది రాలేదు. ఆవిడ లెక్కలో అంతటితో సరి.

వెనకే గైడుగారు వచ్చారు. మంచి మనిషి, మెత్తగా మాట్లాడతారు. నేను లేచి చేతులు కట్టుకుని, సిగ్గు విడిచి మొదలుపెట్టేశాను. "సార్, ఒక్క పిసరే కదా సార్, దయచేసి..."

ఆయన నన్ను కాదు, మా ఆవిణ్ణి చూశారు.

"అమ్మా, నేను తొమ్మిదన్నది ఏదో ఒక ధర చెప్పాలి కాబట్టి చెప్పాను. ఏడు దగ్గరే ఉండిపోతే వదిలేయమనేవాణ్ణే, అది నిజం. కానీ నువ్వొచ్చి, సార్, ఎనిమిదికి ఒప్పుకోండి అంటావనుకున్నాను. అంటే ఒప్పుకునేవాణ్ణి. పిల్లలందరూ అలాగే అడుగుతారు. నువ్వు ఇన్ని నెలలూ ఒక్క మాట అడగలేదు." ఆవిడ చేతిలోని నోటుపుస్తకం వైపు చూపిస్తూ, "ఆ ఏడుకీ ఈ ఎనిమిది పాయింట్ తొమ్మిదికీ మధ్య ఉన్న తేడాయే నీ థీసిస్. రెండు ముక్కలు ఎందుకు చచ్చాయో కూడా రాశావు చూడు, అందుకని నమ్ముతున్నాను. రాసుకో పో," అన్నారు.

నాకు వంకాయలామె గుర్తొచ్చింది. మా ఆవిడ మళ్ళీ పూర్తి ధర ఇచ్చేసింది. సంచీలో మళ్ళీ నాలుగు ఊరికే పడ్డాయి.

తిరుగు పాసింజరులో సీటు దొరికింది. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని, మొదటి ముక్కల్ని ఎక్కడ దాచిందీ థీసిస్‌లో రాయాలి కదా, ఎలా రాయాలా అని ఆలోచిస్తోంది. దుకాణం పేరు రాయమన్నాను. కుదరదంది. కనీసం గాజుల దుకాణం అని రాయమన్నాను. అదీ కుదరదంది. చివరికి "అనకాపల్లిలో, చీకటిగా ఉన్న చెక్క అరలో, మామూలు గాలిలో" అన్న దగ్గర తెగింది. అందులో అనకాపల్లి నేను గీచి గీచి సంపాదించింది.

మరునాడు ఆదివారం. తాళం తీసేసరికి మెట్ల మీద ఒకావిడ కూర్చుని ఉంది. మొదటి బస్సు మనిషేమో అనుకున్నాను. మా ఆవిడ.

"బోణీ నాదే," అంది. "ఒక డజను తొడగండి. ఎరుపు."

"మళ్ళీ శనివారం తీసెయ్యాలి కదా?"

"శనివారం తీసేత్తాను. ఆదివారం మళ్ళీ తొడుగుతారు."

ఆ చేతిని పట్టుకుని, వేళ్ళు దగ్గరికి కూర్చి, ఒక్కొక్కటీ ఎక్కించాను. రెండు-నాలుగు, కన్ను తప్పలేదు. ఒక్కటీ చిట్లలేదు. అయ్యాక అలవాటు కొద్దీ ధర చెప్పాను, పెంచే చెప్పాను. పర్సు తియ్యబోయింది.

"ఆగు," అన్నాను. "ఒక్కసారి బేరమాడు. నా కోసం."

ఆవిడ గాజుల వైపు చూసుకుంది, నా వైపు చూసింది. చాలాసేపు ఆలోచించింది.

"పోనీ... ఇంకో రెండు రూపాయలు ఎక్కువ తీసుకోండి," అంది.

లోపలి నుంచి అమ్మీ నవ్వు వినిపించింది. బోణీ కదా, కాదనకూడదు. తీసుకుని, కళ్ళకద్దుకుని, ఎడమవైపు అరలో వేశాను.